జ్యేష్ఠా నక్షత్రము: ఎర్ర తార, దాని తోడు, దాని పేర్లు

బిడ్డకు పేరు పెట్టునప్పుడును, పెండ్లి మాట వచ్చినప్పుడును, గుడిలో అర్చన చేయించునప్పుడును మన పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటే: "ఏ నక్షత్రము?" మనము వెంటనే అశ్విని యనియో, రోహిణి యనియో, జ్యేష్ఠ యనియో చెప్పుదుము. అయితే ఆ నక్షత్రము ఆకాశములో ఎచ్చట నున్నదో వ్రేలెత్తి చూపుమన్నచో చూపగలవారు మనలో కొద్దిమందియే. పేరు మన నాలుకపై నిలిచినది. వస్తువు మన కన్నులకు దూరమైనది. ఫిజీలోను, మారిషస్‌లోను, దక్షిణాఫ్రికాలోను చెరకు తోటలలో పనిచేసిన మన ముత్తాతలు చీకటితో లేచి పనికి పోయిన వారు. వారికి ఆకాశమే గడియారము. ఆ గడియారమును మనము మరల చదువ నేర్చుకొనవలెను.

ఇరువదియేడు నక్షత్రములలో ఈ పాఠమునకు జ్యేష్ఠను ఎన్నుకొనుటకు మూడు కారణములు కలవు. మొదటిది, అది మామూలు కంటికి ఎర్రగా, సులభముగా కనబడును. రెండవది, ఒంటరిగా కనబడు ఆ తార నిజమునకు జంట తార. దాని తోడును కనుగొనిన చరిత్రలో మనమిప్పుడు నివసించు అమెరికాకు పాలు కలదు. మూడవది, ఈ నక్షత్రమును గూర్చిన ఒక అపవాదు వలన మన ఆడపిల్లలకు నేటికిని బాధ కలుగుచున్నది. ఈ మూడవ దానిని చివర విచారింతము.

ఎచ్చట చూడవలెను?

కాలిఫోర్నియాలో నున్నవారు జూలై మొదటి పక్షమున రాత్రి 10 గంటల వేళ దక్షిణ దిక్కునకు తిరిగి నిలువవలెను. చేయి చాచి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి వెడల్పు ఆకాశములో సుమారు 10 డిగ్రీలు. దిగంతము నుండి రెండున్నర పిడికిళ్ళ ఎత్తున నిప్పుకణిక వంటి ఒక తార కనబడును. దానికి ఇరువైపుల రెండు చిన్న తారలు కాపలావారివలె నిలిచి యుండును. ఈ మూడును కలిపి జ్యేష్ఠ. నడుమనున్న ఎర్ర తార ప్రధానమైనది. కుడివైపున నిలువు వరుసగా నున్నవి అనూరాధ తారలు. ఎడమవైపున క్రిందికి జారి, వంకర తిరిగి కొండివలె ముగియునది మూల. మొత్తము చూచినచో తేలు ఆకారము స్పష్టముగా తెలియును. అందువలననే ఆ రాశికి వృశ్చికమని పేరు.

ఇచ్చట ఒక చక్కని లెక్క కలదు. ఈ తార ఖగోళ మధ్యరేఖకు సుమారు 26న్నర డిగ్రీలు దక్షిణముగా నున్నది. కావున విశాఖపట్నములో అది మిట్టమీదికి వచ్చినప్పుడు దిగంతము నుండి సుమారు 46 డిగ్రీల ఎత్తున నుండును. మద్రాసులో సుమారు 50. ఫిజీలోనైతే 80 డిగ్రీలు దాటి దాదాపు నడినెత్తికి వచ్చును. డర్బనులో నడినెత్తికి మూడు నాలుగు డిగ్రీల దూరమే. శాక్రమెంటోలో 25 డిగ్రీలు మాత్రమే.

దీనిని బట్టి మన ప్రయాణమును లెక్కింపవచ్చును. 1860లో మద్రాసు నుండి నేటాలునకు పోయిన వారును, 1903 మొదలు మద్రాసు నుండి ఫిజీకి పోయిన వారును ఓడ దక్షిణమునకు సాగిన కొలది ధ్రువ నక్షత్రము దిగువకు జారి సముద్రములో మునిగిపోవుట చూచియుందురు. అదే సమయమున జ్యేష్ఠ రాత్రి రాత్రికి పైకెక్కి వచ్చినది. వారి మనుమలు, మునిమనుమలు కాలిఫోర్నియాకు వచ్చినప్పుడు ధ్రువుడు మరల ఉత్తరమున పైకి వచ్చెను. జ్యేష్ఠ దక్షిణమున క్రిందికి దిగెను. తార కదలలేదు, కదలినవారము మనము. మూడు ఖండములలో మూడు ఎత్తులలో కనబడినను ఆ తార ఒక్కటే.

పేర్లు

జ్యేష్ఠ యనగా పెద్దది, మొదట పుట్టినది. దీనికి అధిదేవత ఇంద్రుడు. దేవతలలో పెద్దవాడు గనుక పెద్ద నక్షత్రము ఆయనది. ఈ నక్షత్రమున పుట్టిన బిడ్డకు పేరు పెట్టుటకు నో, యా, యీ, యూ అను అక్షరములు చెప్పుదురు.

తైత్తిరీయ సంహితలోని నక్షత్రముల పట్టికలో ఈ తారకు రోహిణి యను పేరు కనబడును. రోహిణి యనగా ఎర్రనిది. మనకు తెలిసిన రోహిణి వృషభ రాశిలో నున్నది. అదియు ఎర్రనిదే. ఈ రెండు ఎర్ర తారలును ఆకాశములో దాదాపు ఎదురెదురుగా నున్నవి. ఒకటి అస్తమించు వేళకు రెండవది ఉదయించును. ప్రాచీనులు రంగును చూచియే పేరు పెట్టిరనుటకు ఇది మంచి నిదర్శనము.

గ్రీకులు దీనిని అంటారెస్ అనిరి. ఆరెస్ యనగా వారి యుద్ధ దేవత, అనగా మన అంగారకుడు. అంటారెస్ యనగా అంగారకునకు ప్రతిద్వంద్వి. ఎర్రని కుజగ్రహము సుమారు రెండేండ్లకు ఒకసారి ఈ తార దగ్గరగా సాగిపోవును. అప్పుడు రెండింటిని పోల్చి చూచినచో ఆ పేరు ఎంత తగినదో తెలియును. మన జ్యోతిషములో కూడ వృశ్చిక రాశికి అధిపతి కుజుడే. అరబ్బులు దీనిని ఖల్బ్ అల్ అఖ్రబ్, అనగా తేలు గుండె యనిరి. చైనీయులు పెద్ద అగ్ని యనిరి. అంతర్జాతీయ ఖగోళ సంఘము 2016లో అంటారెస్ అను పేరును అధికారికముగా నిర్ణయించినది. కాని ఒక పేరు పట్టికకెక్కినంత మాత్రమున మిగిలిన పేర్లు చెల్లకపోవు.

మనము నివసించు ఈ దేశములోనే ఇంకను రెండు పేర్లు తెలిసికొనదగినవి. హవాయి ద్వీపవాసులు దీనిని లెహువాకోనా యందురు. లెహువా యనగా ఓహియా చెట్టున పూయు ఎర్రని పువ్వు. కోనా యనగా దక్షిణము. దక్షిణాన పూచిన ఎర్ర పువ్వు అన్నమాట. మనము తేలు అనుకొన్న ఆకారమును వారు మావి యను వీరుని గాలముగా చూతురు. ఆ గాలముతోనే అతడు సముద్రము అడుగు నుండి ద్వీపములను పైకి లాగినాడని వారి కథ. అరిజోనా, న్యూమెక్సికో ప్రాంతముల నవాహో జాతివారు తేలు ముందు భాగమును చేతికర్ర పట్టిన వృద్ధునిగా భావింతురు. వారు పెట్టిన పేరునకు అర్థము "మొదటి పెద్దవాడు". మన జ్యేష్ఠ శబ్దమునకును అర్థము అదియే గదా! ఎన్నడును ఒకరినొకరు చూడని రెండు జాతులు ఆకాశములోని ఒకే తావును చూచి పెద్దరికమునే తలచుట గమనింపదగినది.

ఎర్ర తార స్వభావము

నక్షత్రపు రంగు దాని వేడిని తెలుపును. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, వేడి పెరిగిన కొలది పసుపు, తెలుపు రంగులు పొందును. నక్షత్రములకును ఇదే న్యాయము. మన సూర్యుని ఉపరితలపు వేడి సుమారు 5,500 డిగ్రీల సెంటిగ్రేడు. జ్యేష్ఠది సుమారు 3,400 డిగ్రీలు మాత్రమే. అనగా సూర్యుని కంటె చల్లనిది.

మరి చల్లని తార అంత ప్రకాశముగా ఎట్లు కనబడును? పరిమాణము వలన. జ్యేష్ఠ వ్యాసము సూర్యుని వ్యాసమునకు సుమారు 700 రెట్లు. దానిని తెచ్చి సూర్యుని స్థానమున నుంచినచో బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు అందరును దాని కడుపులో మునిగిపోవుదురు. ఇట్టి వానిని అరుణ మహాతారలందురు. వీనిలోను తరగతులు కలవు. రోహిణి మామూలు అరుణ మహాతార; దాని వ్యాసము సూర్యునకు సుమారు 45 రెట్లే. జ్యేష్ఠ అంతకంటె మిక్కిలి పెద్దదగుటచే దానిని అతిమహాతార యందురు.

దాని దూరము సుమారు 550 కాంతి సంవత్సరములు. ఈ రాత్రి మన కంటిని చేరు వెలుగు, తుళువ వంశపు శ్రీకృష్ణదేవరాయలు 1509లో సింహాసన మెక్కుటకు ముందే అచ్చట నుండి బయలుదేరినది.

ఇంకొక వింత. పేరు జ్యేష్ఠ అయినను వయస్సులో అది చిన్నది. సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములు. జ్యేష్ఠ వయస్సు ఒకటి రెండు కోట్ల సంవత్సరములకు మించదు. బరువైన తారలు తమ ఇంధనమును వేగముగా ఖర్చు చేయును. సూర్యునికంటె పది పన్నెండు రెట్లు బరువు గల ఈ తార ఇంత కొద్దికాలములోనే ముదిమి పొంది ఉబ్బినది. తుదకు అది సూపర్నోవాగా పేలిపోవును. ఆ దినము రేపు కావచ్చును, లక్షల సంవత్సరముల తరువాత కావచ్చును. దూరము మిక్కిలి ఎక్కువ గనుక భూమికి దాని వలన భయము లేదు.

అమెరికాలోని పరిశోధనశాలలకు ఈ తార చిరకాల మిత్రము. 1920 డిసెంబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ శిఖరముపై మైకెల్సన్, పీజ్ అను శాస్త్రజ్ఞుల ప్రయత్నముచే ఆర్ద్రా నక్షత్రమగు బెటెల్‌గ్యూస్ వ్యాసము మొదటిసారిగా కొలువబడెను. ఆ వెంటనే అదే పద్ధతితో జ్యేష్ఠను గూడ కొలిచిరి. 2017లో చిలీ దేశములోని దూరదర్శినులతో దీని ఉపరితలపు చిత్రమును తయారు చేసిరి. న్యూమెక్సికోలోని రేడియో దూరదర్శినులును, చిలీలోనివియు కలిసి చేసిన పరిశీలన వలన, దాని వాతావరణపు ఒక పొర ఆ తార వ్యాసార్ధమునకు రెండున్నర రెట్ల వరకు వ్యాపించి యున్నదని 2020లో తేలినది.

తోడు తార

జ్యేష్ఠ ప్రక్కనే నీలి తెలుపు రంగు గల చిన్న తార యొకటి కలదు. చిన్నది యనునది పోలికకు మాత్రమే. అది సూర్యునికంటె ఏడు రెట్లు బరువైనది, మిక్కిలి వేడియైనది. కాని మన కంటికి ఎర్ర తార దానికంటె సుమారు 60 రెట్లు ఎక్కువ వెలుగుతో కనబడుటచే, ఆ కాంతిలో ఇది దాగిపోవును. పెద్ద దీపము ప్రక్కన మిణుగురు పురుగు వంటిది. దూరదర్శినిలో చూచినవారు దీనిని పచ్చగా నున్నదని వర్ణించిరి. ఎర్రని దాని చెంత నుండుటచే కలుగు భ్రమ అది.

దీని జాడను 1819 ఏప్రిలు 13వ తేదీన వియన్నాలో బుర్గ్ అను పండితుడు కనిపెట్టెను. ఆ రాత్రి చంద్రుడు జ్యేష్ఠను కప్పెను. చంద్రుని అంచు వెనుక నుండి మొదట ఒక మసక తార వెలువడెను. కొన్ని క్షణముల తరువాత ఎర్ర తార ధగధగ మెరయుచు వచ్చెను. రెండు తారలు లేనిదే ఇట్లు జరుగదు. అయినను కొందరు దానిని నమ్మలేదు. 1844 జూలైలో భారతదేశములో నుండిన స్కాట్లండు దేశీయుడు జేమ్స్ విలియం గ్రాంట్ దీనిని చూచెను. 1845-46 కాలమున ఒహాయో రాష్ట్రములోని సిన్సినాటి వేధశాలలో ఆర్మ్‌స్బీ మిచెల్ దీనిని స్వతంత్రముగా కనుగొనెను. అటుపిమ్మట సందేహము తీరినది. ఈ రెండును ఒకదాని చుట్టు ఒకటి తిరుగుటకు వెయ్యి సంవత్సరములకు పైగా పట్టును.

ఈ మిచెల్‌ను గూర్చి మన పిల్లలు తప్పక తెలిసికొనవలెను. అతడు ధనికుల దయపై ఆధారపడక, ఊరిలోని సామాన్యుల ఇండ్లకు తిరిగి, 25 డాలర్ల చొప్పున 300 వాటాలు సేకరించి వేధశాల కట్టించెను. జర్మనీ నుండి 11 అంగుళముల అద్దము గల దూరదర్శినిని తెప్పించెను. 1843 నవంబరులో మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తన 76వ యేట అచ్చటికి ప్రయాణము చేసి శంకుస్థాపన చేసెను. ఆ దూరదర్శిని నేటికిని ఆ ఊరిలో భద్రముగా నున్నది.

మిచెల్ తరువాత అంతర్యుద్ధములో ఉత్తర సైన్యమున సేనాధిపతి అయ్యెను. 1862లో దక్షిణ కరోలినా తీరమున హిల్టన్ హెడ్ ద్వీపమునకు వచ్చినప్పుడు, బానిసత్వము నుండి బయటపడిన వేలాది నల్లజాతివారు అచ్చట నిలువనీడ లేకుండ నుండిరి. వారు గుడారములలో బిచ్చగాండ్రవలె గాక, తమ ఊరిలో తాము పాలకులై యుండవలెనని అతడు నిశ్చయించి, ప్రత్తి తోట భూమిలో వారికి స్థలములిచ్చి ఊరు కట్టించు ఏర్పాటు చేసెను. ఆ ఊరే మిచెల్‌విల్. ఆ ఊరి ప్రజలు తమ అధికారులను తామే ఎన్నుకొనిరి. ఆరేండ్ల నుండి పదునైదేండ్ల వరకు గల పిల్లలందరికిని బడి నిర్బంధము చేసిరి. మిచెల్ ఆ ఊరి వృద్ధిని చూడలేదు. 1862 అక్టోబరు 30న పచ్చజ్వరముతో బోఫోర్టులో మరణించెను.

తోట కూలీల సంతతి వారమగు మనకు ఈ కథ పరాయిది కాదు. బానిసలకు, ఒప్పంద కూలీలకు భేదము కలదు, దానిని మరువరాదు. అయినను తోట భూమిలో మొదట తమ బడిని తాము నిలుపుకొన్నవారి పట్టుదల మన పెద్దలు ఫిజీలోను నేటాలులోను కట్టుకొన్న బడులను, గుడులను గుర్తు చేయును. నా వంటివారికి తెలుగు అక్షరములు వచ్చినది అట్టి గుడి తరగతులలోనే. దాగియున్న తారను చూడగలిగిన కన్ను, ఎవరును లెక్కింపని మనుష్యులను గూడ చూడగలిగెను.

కార్తెలు, ఏరువాక

మన రైతులు సూర్యుడు ఏ నక్షత్రములో నున్నాడో దానిని కార్తె యందురు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులును" అను సామెత మన ముసలివారి నోట నేటికిని వినబడును. ఆ కార్తె మే నెల చివర వచ్చును. అప్పుడు సూర్యుడు రోహిణి దగ్గర నుండును గనుక, ఎదుటనున్న జ్యేష్ఠ సూర్యాస్తమయ వేళకు ఉదయించి తెల్లవార్లు కనబడును. డిసెంబరు మొదటి పక్షమున వచ్చు జ్యేష్ఠ కార్తెలో సూర్యుడు ఈ తార దగ్గరనే యుండుటచే అది కనబడదు.

పున్నమినాడు చంద్రుడు జ్యేష్ఠా నక్షత్రము చెంతనుండు మాసము జ్యేష్ఠ మాసము. ఆ పున్నమియే ఏరువాక పున్నమి. ఆనాడు ఎద్దులను కడిగి, అలంకరించి, నాగలికి పూజ చేసి రైతులు దున్నుట ప్రారంభింతురు. ఫిజీలో అదే జూన్ మాసమున చెరకు నరకుట మొదలగును. ఒకే పున్నమి తెలుగునాట దున్నుటకు, తోటలలో కోతకు గుర్తు. ఇచ్చట మనకు నాగలియు లేదు, కత్తియు లేదు. అయినను ఆ రాత్రి చంద్రుని ప్రక్కన ఎర్ర తారను పిల్లలకు చూపవచ్చును.

దోషమను మాట

ఇక మొదట చెప్పిన అపవాదు. జ్యేష్ఠా నక్షత్రమున పుట్టిన ఆడపిల్ల ఇంటికి వచ్చినచో బావగారికి కీడు అని కొందరందురు. మా బంధువర్గములో చదువు, గుణము గల ఒక అమ్మాయికి ఈ ఒక్క మాటపై సంబంధము తప్పిపోయినది. ఆమె ఇచ్చటనే పుట్టి పెరిగినది. జ్యేష్ఠ యనగా ఏమో ఆమెకు తెలియదు. తెలియని తార పేరున నింద మోయవలసి వచ్చినది. ఇట్టివారు ఆమె యొక్కతెయే కాదు.

ఈ భయము నిన్న మొన్నటిది కాదు. అథర్వవేదములో ఈ నక్షత్రమునకు జ్యేష్ఠఘ్ని, అనగా పెద్దవానిని చంపునది, అను పేరు కనబడును. కాని ఆ చోట ఋషి చేసినదేమి? అందు పుట్టిన శిశువును కాపాడుమనియు, కష్టములన్నియు దాటించి నూరేండ్ల ఆయువు నిమ్మనియు ప్రార్థించెను. శిశువును త్రోసివేయుమని చెప్పలేదు. భయము కలిగినచోట బిడ్డను మరింత దగ్గరకు తీసికొనుట వైదికము. బిడ్డను దూరము చేయుట మనము తెచ్చిపెట్టుకొన్నది.

మన చరిత్రను కూడ చూడుడు. మద్రాసు డిపోలో వ్రాసిన వలస పత్రములలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, దేహముపై మచ్చలు వ్రాసిరి. జన్మ నక్షత్రమునకు అందు గడి లేదు. డిపోలోను, ఓడలోను, తోటలోను ఎందరో స్త్రీ పురుషులు జాతకములు లేకయే జీవితమును పంచుకొనిరి. వారి బిడ్డలే మన తాతలు, అవ్వలు. వారిలో జ్యేష్ఠలో పుట్టినవారు ఉండక పోరు. వారు కష్టించి, బిడ్డలను పెంచి, చదివించి మనలను ఇంతదూరము తెచ్చిరి. ఆ నక్షత్రము ఇంటికి కీడు చేయునదైనచో మన ఇండ్లు నిలిచెడివా?

ఆకాశము చెప్పునది ఇంకొకటి కలదు. జ్యేష్ఠ ఒంటరి కాదు. పెద్దదానికి చిన్నది తోడు, చిన్నదానికి పెద్దది తోడు. నక్షత్రము పేరు అర్చనలో చెప్పుట మన సంప్రదాయము. దానిని మానవలసిన పని లేదు. కాని ఆ పేరుతో ఒక పిల్ల తల వంచునట్లు చేయుట సంప్రదాయము కాదు.

పిల్లలకు అభ్యాసము

1. జూలై నెలలో ఒక రాత్రి జ్యేష్ఠను కనుగొని, పిడికిలితో దాని ఎత్తు కొలిచి వ్రాయుము.
2. ఫిజీలో గాని, దక్షిణాఫ్రికాలో గాని, తెలుగునాట గాని ఉన్న బంధువులకు ఉత్తరము వ్రాసి, అచ్చట అది ఎంత ఎత్తున కనబడునో అడుగుము. రెండు లెక్కలను పోల్చుము.
3. ఈ తారకు గల పేర్లలో నాల్గింటిని అర్థములతో చెప్పుము.
4. ఎర్ర తార, నీలి తార, ఈ రెండింటిలో ఏది వేడియైనది? ఎందుచేత?
5. నీ ఇంట ఎవరి జన్మ నక్షత్రము ఏదో అడిగి తెలిసికొనుము. వారి నక్షత్రమును ఆకాశములో వెదకి, వారికి చూపుము.

ఐదవ అభ్యాసమును పెద్దలు గూడ చేయవచ్చును. మీ ఇంటిలో జ్యేష్ఠలో పుట్టిన ఆడపిల్ల యున్నచో మొట్టమొదట ఆమెను వెలుపలికి పిలిచి ఆ ఎర్ర తారను చూపి, "అమ్మా, ఇది నీ తార, దీని పేరునకు పెద్దది యని అర్థము" అని చెప్పుడు.

స్వస్తి.